జానవాసం కారు

వైశాఖంలో తొలి ముహూర్తానికే మా కారు బేరివీధి మొగదల్లో పొగలు కక్కుతూ ఆగిపోయింది. వెనక సీటు మీద పెళ్లికొడుకు తలపాగాతో, మెడలో గజమాలతో ఉత్సవమూర్తిలా కూర్చుని ఉన్నాడు. ముందు నడిచే నాదస్వరం వాళ్లకు వెనక సంగతి తెలియదు, వాయించుకుంటూ పోతూనే ఉన్నారు. కారుకు చుట్టిన రంగుబల్బులు నీరసించి, మిణుకుమిణుకుమని, ఒక్కసారిగా ఆరిపోయాయి. అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన "పెండ్లికొడుకు యాడప్పా?" అని గట్టిగా అడిగాడు.

జానవాసమంటే తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా వైష్ణవుల ఇళ్లలో పెళ్లికి ముందురోజు సాయంత్రం పెళ్లికొడుకును గుడి దగ్గర పైకప్పు లేని కారు ఎక్కించి, మేళంతో కల్యాణమంటపం దాకా ఊరేగిస్తారు. పిల్లవాణ్ణి ఊరంతా కళ్లారా చూడాలి కాబట్టి కారు మనిషి నడకను మించి పోకూడదు. తిరుపతి చుట్టుపక్కల అలాంటి కారు కావాలంటే మా మామగారు సంపత్కుమార్ దగ్గరికే రావాలి. పైకప్పు కోయించిన పాత అంబాసిడర్ అది. గుడి ట్రస్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషికి ఆ ఉద్యోగం కంటే ఈ కారు తోలడమే పెద్ద గౌరవం.

ఆ సాయంత్రం మామగారు స్టీరింగు వదిలి కిందికి దిగి, కారు ముందుకు పోయి ఏదో చూసి, ఒక్క మాటా మాట్లాడకుండా వెనక్కి వచ్చి తోయడం మొదలుపెట్టారు. పెళ్లికొడుకు మేనమామలూ చేతులు వేశారు. రెండడుగులు తోశారో లేదో మామగారి ఎడమకాలు పక్కనున్న కాలువలో పడి మడమ దగ్గర విరిగింది. పెళ్లికొడుకును మంటపానికి తోసుకుపోయారు, మామగారిని మేము ఎముకలు కట్టే పుత్తూరుకు తీసుకుపోయాం.

పుత్తూరు కట్టుతో ఆయన వసారాలో మంచం పట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో రవిచంద్ర ఒకడు. చంద్రగిరి దగ్గర కొత్తగా రిసార్టు కడుతున్నాడు. మంచి మనిషే, అరటిపండ్లు కూడా తెచ్చాడు. కానీ అతని చూపు మామగారి కాలి మీద కంటే వాకిట్లోని కారు మీదే ఎక్కువసేపు నిలిచింది.

"సామీ, ఇంగ దీన్ని కష్టపెట్టేదెందుకు? నాకియ్యండి. రిసార్టు ముందర పచ్చగడ్డిలో నిలబెడతా. ఇంజను తీసేసి ఆడ పూలకుండీలు పెడితే ఎంత బాగుంటాది! వచ్చినోళ్లంతా ఎక్కి ఫొటోలు దిగుతారు" అన్నాడు.

వంటింటి గుమ్మంలో మా అత్తగారు పెరుందేవి నిలబడి ఉన్నారు. మామగారు ఆవిడను ఒకసారి చూసి, "మన యదు పెండ్లి దాకా ఉండనీ రవీ. ఆ లోపల ఇంకొక్కసారి నడివీధిలో ఆగిపోయిందంటే తీసుకోనిపో" అన్నారు.

యదు అంటే యదునందన్, నా మరిది. వాడి పెళ్లి ఆ సీజను చివర్లో. ఊళ్లో వాళ్లందరి పెళ్లికొడుకులనూ మోసిన కారు సొంతింటి పెళ్లికొడుకును మోయకుండా పోతుందా అని నాకు దిగులు పట్టుకుంది. ఇంజను ఉండాల్సిన చోట బంతిమొక్కలు మొలిచిన కారును ఊహించుకుంటేనే ఒళ్లు మండింది.

నేను హైస్కూల్లో లెక్కల టీచరును, అప్పుడు వేసవి సెలవులు. మా ఆయన ముకుంద్‌కు కారంటే ఎక్కడం, దిగడం, ఆ రెండే తెలుసు. కాబట్టి చిత్తూరు రోడ్డులో ఉండే మెకానిక్కు జయచంద్రను నేనే పోయి పిలుచుకొచ్చాను. అతను బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"దీంట్లో ఉండేది డైనమో మేడమ్. ఇంజను పరిగెత్తితేనే కరెంటు పుట్టిస్తాది. మీరేమో నడకన తోలతారు. ఆ బల్బులన్నీ కలిసి బ్యాటరీని పీల్చేస్తాయి. ఫ్యానూ అంతే, ఇంజను నిదానమైతే అదీ నిదానమే. ఉడకక ఏం చేస్తాది?"

"మరేం చేయల్ల?"

"కరెంటు ఫ్యాను పెడదాం. అది ఇంజనుతో పని లేకుండా దాని పాటికది తిరుగుతాది. దానికి కరెంటు కావల్ల కదా, డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెడదాం. అది బండి నిలబడున్నా కరెంటిస్తాది. చేస్తే రెండూ చేయల్ల మేడమ్, ఒకటి చేసి ఒకటి వదిలేస్తే లాభం లేదు."

ఇంట్లో పాత వస్తువు ఏది మార్చాలన్నా మామగారు ముఖం ముడుచుకుంటారు. మిక్సీ మార్చడానికే నేను నానా తంటాలు పడ్డాను. ఈసారి మాత్రం మంచం మీద నుంచే కేకవేసి, "ఫ్యాను గట్టిది పెట్టప్పా జయచంద్రా. ఏం అడ్డమొచ్చినా గాలి లాగల్ల" అన్నారు. అంత సులభంగా ఒప్పుకోవడం వింతగా తోచింది కానీ, ఒప్పుకున్నారు కదా అదే చాలని ఊరుకున్నాను.

కొన్నాళ్లు మా వాకిలి షెడ్డు అయిపోయింది. కొత్త ఆల్టర్నేటర్ పాత డైనమో ఉన్న చోట కూర్చోనని మొండికేస్తే, జయచంద్ర దానికి ఇనుపపట్టీ కొలిచి, కోసి, వెల్డింగు చేయించుకొచ్చాడు. ఫ్యాను రేడియేటర్ వెనక అచ్చంగా ఇమిడింది. అత్తగారు మాత్రం ముగ్గు మీద గ్రీసు మరకలు చూసి రోజుకొకసారి అతనికి అక్షింతలు వేసేవారు. అక్షింతలు వేసిన చేత్తోనే కాఫీ ఇచ్చేవారు.

ఇక కారు తోలేదెవరన్న ప్రశ్న వచ్చింది. మామగారి ఎడమకాలే క్లచ్చి తొక్కాల్సిన కాలు. ముకుంద్ ఒకసారి ప్రయత్నించాడు. వెనక సీట్లో ఉత్తుత్తి పెళ్లికొడుకుగా కూర్చున్న యదు మొదటి కుదుపుకే ముందు సీటు మీదికి బోర్లా పడ్డాడు.

"నేను తోలతా మామా" అన్నాను.

అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "పెండ్లికొడుకు కారు ఆడమనిషి తోలేదా?"

"తొక్కేది మగకాలో ఆడకాలో దానికేం తెలుస్తాది పెరుందేవీ?" అన్నారు మామగారు.

ఆ రోజు నుంచి మా వీధిలో నాకు పాఠాలు. ఆయన మంచం గేటు దగ్గరికి లాగించుకుని అక్కణ్ణుంచే అరిచేవారు. "మేళం నిలబడితే నువ్వూ నిలబడల్ల! అరక్లచ్చి, అరక్లచ్చి! వాడు పెండ్లికొడుకమ్మా, బియ్యం మూట కాదు!" యదు తలకు తువ్వాలు చుట్టుకుని, ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు తింటూ వెనక దర్జాగా కూర్చునేవాడు. ఎదురింటివాళ్లు వాకిట్లోకి వచ్చి వాడికి దిష్టి తీస్తామని వేళాకోళం చేసేవారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడకన పోతున్నా బల్బులు ధగధగా వెలిగేవి, వేడి చూపించే ముల్లు మధ్యలోంచి కదిలేది కాదు. జయచంద్ర ముఖం వెలిగిపోయేది. నా సంగతి చెప్పనక్కర్లేదు, పెళ్లయ్యాక అంత సంతోషంగా నేను ఏ పనీ నేర్చుకోలేదు.

నేను తోలిన మొదటి ఊరేగింపు చంద్రగిరిలో. ఉదయం నుంచే అత్తగారు పూలతెర కట్టడం మొదలుపెట్టారు. మా కారుకు అదే గుర్తు. మరువం, చామంతి దట్టంగా అల్లి, నడుమ నందివర్ధనాలతో తెల్లనామం, మధ్య ఎర్రగన్నేరుతో గీత తీర్చి, కారు ముందరి జాలీ మీద పూర్తిగా పరుస్తారు. మూడు నాలుగేళ్లుగా పెళ్లివాళ్లు ఫొటోల్లో బాగుంటుందని మురిసిపోతుంటే ఆవిడ ఇంకా దట్టంగా కడుతున్నారు. వేలు దూరే సందు కనిపిస్తే విప్పి మళ్లీ కడతారు.

చంద్రగిరిలో సగం దూరం బాగానే పోయాం. ఆడవాళ్లు నన్ను చూపించి ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటుంటే నేను మెడ ఇంకాస్త నిటారుగా పెట్టాను. అంతలో ముల్లు లేచింది. మధ్య దాటింది. బల్బులు నిండుగా వెలుగుతున్నాయి, ఫ్యాను హోరున తిరుగుతోంది, ముల్లు మాత్రం ఎర్రగీత వైపు పోతూనే ఉంది. పక్కనే నడుస్తున్న జయచంద్ర నా ముఖం చూసి ముందుకు పరిగెత్తి, మేళం పెద్ద మునిప్రసాద్ చెవిలో ఏదో ఊదాడు.

మునిప్రసాద్ నాలుగు రోడ్ల కూడలిలో ఆగి, నాదస్వరం పైకెత్తి రాగాలాపన అందుకున్నాడు. మేళం నిలబడితే కారూ నిలబడాలి, అది మర్యాద. నేను ఇంజను ఆపేశాను. ఆయన రాగాన్ని పెంచాడు, తుంచాడు, మళ్లీ మొదటికి తెచ్చాడు. పెళ్లివారు మైమరచిపోయారు. ఈలోగా జయచంద్ర బానెట్ కింద గుట్టుగా నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఇంజను చల్లారేసరికి పెళ్లికూతురు తాతగారు కళ్లు తుడుచుకుని మునిప్రసాద్‌కు శాలువా కప్పారు.

"కారు ఆగలేదు మామా, మేళమే ఆగింది" అని ఇంటికి వచ్చి చెప్పాను. ఆయన కడుపుబ్బా నవ్వారు. నవ్వాక మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు జయచంద్ర ఫ్యాను విప్పాడు, వైర్లు చూశాడు, రేడియేటర్ కడిగాడు. వాకిట్లో గంటసేపు ఇంజను తిప్పినా ముల్లు మధ్యలోనే ఉంది. "మరి ఊరేగింపులో ఏమైంది?" అని అడిగితే అత్తగారి వైపు ఒకసారి చూసి, "ఏమో మేడమ్, ఎండలు గదా" అని నసిగాడు. ఆ మాట నాకు రుచించలేదు. ఇంకో దారి లేదు, యదు పెళ్లి దగ్గరికొచ్చేసింది.

జానవాసం రోజు మధ్యాహ్నం అత్తగారు కారు ముందు పీట వేసుకుని తెర పరుస్తున్నారు. సొంత కొడుకు పెళ్లి కాబట్టి పూలు మామూలు కన్నా రెట్టింపు. నేను దారపుండ పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆఖరిసారి చూద్దామని జయచంద్ర ఇంజను స్టార్ట్ చేశాడు. కాసేపటికి టక్కుమని ఫ్యాను అందుకుంది. అత్తగారి చేతుల్లోని పూలతెర సర్రున పోయి జాలీకి అతుక్కుంది. ఆవిడ లాగితే రాలేదు. ఊడిన రేకులు కొన్ని సందుల్లోంచి లోపలికి పోయాయి.

ఆవిడ అరచెయ్యి పూల మీద ఆనించి కాసేపు అలాగే ఉంచారు.

"జయచంద్రా, గాలి ఈడినుంచే లోపలికి పోవల్లనా?"

"అవునమ్మా."

"పోతా ఉండాదా?"

జయచంద్ర చేతిలోని గుడ్డతో లేని మరకను తుడిచాడు. "పూలు అడ్డముండాయి కదమ్మా. ఫ్యాను ఎంత గట్టిగా లాగితే అవి అంత గట్టిగా అతుక్కుంటాయి."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"చంద్రగిరిలో అనుమానమొచ్చిందమ్మా. సామి నామాన్ని తీసేయమని నా నోటితో ఎట్ల చెప్పేది? అందులోనూ మీరు కట్టింది."

అత్తగారు వసారా వైపు తిరిగారు. మామగారు తన కాలికట్టును ఎన్నడూ చూడనట్టు పరీక్షిస్తున్నారు.

"మీకూ తెలుసునా?"

ఆయన తల ఎత్తలేదు. "కాలు విరిగిన పొద్దు ముందరికి పోయి సూసినా. పూలన్నీ ఉడికిపోయుండాయి."

"నోరు తెరిచి ఒక మాట చెప్తే ఏమి?"

"ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి కడతా ఉండావు. నువ్వు కట్టే పూలు లేకుండా ఆ కారు పెట్టుకోని నేనేం చేసుకునేది? దానికంటే రవికిచ్చేస్తే పోతాదనుకున్నా. కోడలు ఫ్యాను మారుద్దామనింది. గట్టి ఫ్యానైతే పూలున్నా లాగుతాదేమోనని ఆశపడినా."

ప్రాణంగా చూసుకున్న కారును పూలకుండీలకు వదిలేయడానికైనా సిద్ధపడ్డారు గానీ, భార్యతో ఆ ఒక్క మాట అనడానికి ఆ మనిషికి నోరు రాలేదు. ఇక అత్తగారు ఏడుస్తారనుకున్నాను. ఆవిడ పీట మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టారు.

"నేనేమన్నా పులినా! ఒకాయనేమో కారు అమ్ముకుంటానంటాడు, ఒకాయనేమో ఎండలంటాడు! అంతమంది మొగోళ్లుండి, ఒక్కరికీ నోరు లేకపాయెనే!" అని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. జయచంద్రా నవ్వాడు. ఆఖరికి మామగారూ నవ్వారు, కాలు కదిలి నొప్పితో అబ్బా అంటూనే నవ్వారు.

ఆవిడ లేచి, ఫ్యాను ఆపించి, తెరను జాగ్రత్తగా విప్పి భుజాన వేసుకున్నారు. "వెనకాల కడతా."

"సామి నామం వెనకాలనా అమ్మా?" అన్నాడు యదు.

"ఏం, వెనకుంటే సామి కాకుండా పోతాడా? ముందర నడిచేది మేళం. వాళ్లు వెనక్కి తిరిగి సూస్తారా? ఆడోళ్లమంతా నడిచేది వెనకే. ఇన్నేండ్లు కడితిని, ఊరేగింపులో అది ఎట్లుంటాదో నేను సూసిందే లేదు."

ఆ సాయంత్రం గుడి దగ్గర యదు కారెక్కాడు. నా పక్క సీట్లో మామగారు కట్టుకాలు చాపుకుని కూర్చున్నారు. రవిచంద్ర పట్టుపంచె కట్టుకుని నా తలుపు పక్కనే నడుస్తూ, నిమిషానికొకసారి మెడ సాచి ముల్లును చూశాడు.

"ఇంకా మధ్యలోనే ఉండాదామ్మా?"

"మధ్యలోనే అన్నా."

"ముల్లు చెడిపోలేదు గదా?" అన్నాడు పాపం, ఎక్కడో ఆశ.

బేరివీధి మొగదల దాటాం. మొదట్లో మామగారు అరక్లచ్చి, అరక్లచ్చి అంటూ నన్ను కాల్చుకు తిన్నారు. తర్వాత ఆయన గొంతు వినిపించడం మానేసింది. చూస్తే నడుము తిప్పి పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నారు.

"ఏం నాయనా, కళ్లార్పకుండా సూస్తా ఉండావు నన్ను?" అన్నాడు యదు మురిసిపోతూ.

"నిన్నెవురు సూసేదిరా, పక్కకి జరుగు."

నేను అద్దంలోకి చూశాను. ఆడవాళ్ల గుంపుకు బాగా వెనక, ఒంటరిగా, అత్తగారు. నాలుగడుగులు వేస్తారు, నిలబడతారు. తల ఒకవైపు వాల్చి, వెలుగులో మెరిసే తన నామాన్ని చూసుకుంటారు, తనలో తాను నవ్వుకుంటారు, మళ్లీ నాలుగడుగులు. పాతికేళ్ల పిల్లలా ఉన్నారు.

"ఆపు వకుళా" అన్నారు మామగారు.

"నడివీధి మామా! మేళం పోతా ఉండాది."

"పోనీలే. మీ అత్త వెనకబడింది. ఆపు."

ఆపాను. రవిచంద్ర ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సామీ! ఆగిపాయె!"

"ఆగలేదప్పా, నేనే ఆపించినా. వినపడలేదా ఇంజను?"

ఇంజను మెత్తగా తిరుగుతోంది. ఫ్యాను టక్కుమని అందుకుంది, కాసేపు తిరిగి దానంతట అదే ఆగింది. నిలబడ్డ కారు చుట్టూ ఒక్క బల్బు కూడా నీరసించలేదు. దూరంగా జయచంద్ర చేతులు కట్టుకుని, ఆ వెలుగును కన్నకూతుర్ని చూసినట్టు చూస్తున్నాడు. రవిచంద్ర ముల్లును ఆఖరిసారి చూసి నిట్టూర్చాడు.

"సరేలే సామీ. మా పాప పెండ్లి మాఘంలో ఉండాది. మాకు ఈ ఆచారం లేదు గానీ, పెండ్లికూతుర్ని దీంట్లో కూర్చోబెట్టి తీసుకోనిపోవల్లని ఆశగా ఉండాది. వస్తారా?"

"నన్నెందుకడుగుతావు? డ్రైవరమ్మనడుగు" అన్నారు మామగారు, తల తిప్పకుండానే.

"వస్తామన్నా" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఈలోగా అత్తగారు కారు దగ్గరికి వచ్చారు. "ఎందుకాపినారు?"

"ఎక్కు. నడిచింది చాలు."

"నేనెక్కను. ఎక్కితే నాకేం కనపడతాది? పొండి, నిదానంగా పొండి" అని ఆవిడ మళ్లీ వెనక్కి పోయారు.

మేళం మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. మామగారు అలాగే వెనక్కి తిరిగి కూర్చున్నారు. నేను అద్దంలో అత్తగారి అడుగులు చూసుకుంటూ, ఆవిడ నడిస్తే నడిపి, నిలబడితే నిలిపి, మంటపం దాకా కారు తోలుకుపోయాను.